తిన్నది వంటబట్టని బిడ్డలు



‘లంఘనము పరమౌషధ’మని మనము చిన్ననాటినుండియు వినుచున్నాము. పెద్దవారి అజీర్తికి ఆ మాట చెల్లిన చెల్లవచ్చును, పసిబిడ్డకు చెల్లదు. ఈ సంగతి గుడిబండ ప్రాంతమున నొక పల్లెలో నాకు తెలియవచ్చెను. నెలదినములుగా విరేచనములతో కృశించిన మూడేండ్ల బాలునకు ఇంటివారు పథ్యమని పలుచని గంజి మాత్రమే పోయుచుండిరి. ప్రొద్దు గ్రుంకగానే వాడు గోడ తడవుకొనుచు నడచుచుండెను. ‘చీకటికి భయపడుచున్నా’డని అవ్వ యనెను. అది భయము కాదు, రేచీకటి.

సంగటికిని పప్పుకును లోటులేని యింట నిట్లేల కలిగెను? తినుట వేఱు, వంటబట్టుట వేఱు. చిన్నప్రేవుల లోపలిపొరపై నూగువంటి సన్నని యంకురములు గలవు. ఆహారసారమును రక్తములోనికి చేర్చునవి యవియే. జబ్బుచే ఆ పొర చెడినచో సారము మలముతో వెడలిపోవును. ఎ, డి, ఇ, కె విటమినులు క్రొవ్వుతో కలసి లోనికి పోవునవి. క్రొవ్వు అఱుగనిచో అవియు దక్కవు. ఎ లోపించిన రేచీకటియు, డి లోపించిన కాళ్లు వంగుటయు, ఫోలికామ్లమో బి12యో లోపించిన పాండువును కలుగును.

ఈ బాధను మన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్వయముగా నెఱుగుదురు. 1895లో భీమవరమున జన్మించిన ఆయన సోదరులను గ్రహణివ్యాధి బలిగొన్నది. తామును దానిచే బాధపడి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొనిరి. పిదప అమెరికాలో ఆయన నాయకత్వమున 1945లో ఫోలికామ్లము ప్రయోగశాలలో తయారయ్యెను. గ్రహణిరోగుల పాండువునకు అది మందైనది.

కావున విరేచనములైనప్పుడు బిడ్డకు తిండి మాన్పరాదు. తల్లిపాలు ఆపరాదు. మెత్తని సంగటి, పప్పు, ఉడికించిన మునగాకు, కొంచెము నూనె చేర్చి మాటిమాటికి పెట్టవలెను. ఓ.ఆర్.ఎస్. నీరు త్రాగించి, వైద్యులు చెప్పిన మోతాదున జింకు మాత్రలు 14 దినములు వేయవలెను. విరేచనములు 14 దినములు దాటినను, బిడ్డ బరువు తగ్గుచున్నను, మునిమాపున తడబడినను జాగుచేయక ఆసుపత్రికి కొనిపోవలెను. ఎ విటమినును మీయంతట మీరు కొని పోయరాదు. మితిమీరిన నది విషము వంటిది. ఆలస్యమైనచో నల్లగ్రుడ్డు చెడి, పోయిన చూపు మరల రాదు.

ఆ బాలునకు మందిచ్చిన కొలది దినములకే రేచీకటి తొలగెను. ప్రేవులు కుదుటపడుటకు మాత్రము నెలలు పట్టెను. మూలవ్యాధిని మాన్పనిదే విటమిను నిలువదని దీనివలన గ్రహింపనగును.

ఇంట పథ్యము నిర్ణయించువారు మీరే. మనుమని కంచము తీయుమని చెప్పుటకు ముందు, దీపము పెట్టు వేళ వాని నడక నొకసారి చూడుడు.