మనుష్యులు లేని గ్రామము

గ్రామమనఁగా నేమి? ఇండ్లా, పొలములా, జనులా? ఈ మూఁడును పోయిన పిమ్మట గ్రామము మిగులునా? మిగిలినదని చెప్పఁదగిన యొక యూరి వృత్తాంతమును నేఁడు మీకు విన్నవించెదను.

ఫ్రాన్సు దేశపు ఈశాన్య భాగమున మ్యూజ్ అను నది కలదు. దాని కుడి యొడ్డున, వెర్డన్ పట్టణమునకుఁ గొద్ది మైళ్ల దూరమున, మెట్టమీఁద ఫ్లెరీ యను పల్లె యుండెను. ‘దువోమో ముందరి ఫ్లెరీ’ యని దాని పూర్తి పేరు. 1913లో అందలి జనము 422 మంది. సేద్యమును, కొయ్యపనియు వారికి జీవనాధారములు.

ఆ యూరి యునికియే దానికిఁ జేటు తెచ్చెను. ఒక ప్రక్క దువోమో కోట, మఱియొక ప్రక్క సూవిల్ కోట. నడుమ ఈ పల్లె. 1916 ఫిబ్రవరి 21వ తేదీన జర్మనులు వెర్డన్ ప్రాంతముపై దాడి మొదలిడఁగా గ్రామస్థులు ఇండ్లు విడిచి పోయిరి. నాలుగు దినములకే దువోమో కోట జర్మనుల వశమయ్యెను. అచ్చటినుండి పట్టణమునకు ఫ్లెరీ మీఁదుగానే త్రోవ. జూన్ 23వ తేదీన జర్మనులు విషవాయువు ప్రయోగించి ముందునకు వచ్చి యూరు చొచ్చిరి. ఆగస్టు లోపల ఆ యూరు 16 మాఱులు చేతులు మాఱెను. ఆగస్టు 18వ తేదీన ఫ్రెంచివారు దానిని మరలఁ బట్టుకొనునప్పటికి నిలిచిన గోడ యొక్కటియు లేదు.

యుద్ధము ముగిసినను ఊరు తిరిగి కట్టుటకు వీలుపడలేదు. నేలనిండఁ బేలని గుండ్లు, విషద్రవ్యములు, గుర్తింపరాని శవములు. నాఁగలి సాగిన చోట ప్రాణము పోవును. కావున ప్రభుత్వము దానిని ‘ఎఱ్ఱ మండలము’లోఁ జేర్చి, చెట్లు నాటించెను. వెర్డన్ చుట్టును ఇట్లు నాశమైన పల్లెలు తొమ్మిది.

అయినను వాని పేళ్లు లెక్కలనుండి కొట్టివేయఁబడలేదు. 1919లో ఫ్రెంచి ప్రభుత్వము వానిని గ్రామములుగానే నిలిపెను. నేఁటికిని ఫ్లెరీకి ఎల్లలు కలవు, మేయరు కలఁడు. ఎన్నుకొనుటకు జనులు లేరు గనుక అతనిని ప్రభుత్వాధికారియే నియమించును. ఊరి స్మృతిని గాపాడుటయే అతని ముఖ్యమైన పని. గుంతల నడుమ బాటలు వేసి, ఇది బడి, ఇది బట్టలుదుకు తావు, ఇది కాపు యిల్లు అని గుర్తులు నిలిపినారు. చర్చి యుండిన చోట 1979లో నొక చిన్న ప్రార్థనామందిరము కట్టిరి.

జనములేని యూరిని మన రెవెన్యూ లెక్కలలో బేచిరాక్ గ్రామమందురు. దీపము లేని యూరని యర్థము. ఫ్లెరీ అట్టిదే. కాని తిరిగి రాలేకపోయిన యా 422 మందికొఱకును, ఆ మట్టిలోఁ గలసిపోయిన యిరుపక్షముల సైనికులకొఱకును, ఒక దేశము దాని పేరును నిలుపుకొన్నది. మీ యూరి బడి యెక్కడ నుండెనో, బావి యెవరు త్రవ్వించిరో మీకుఁ దెలియును. పిల్లలకుఁ జెప్పి యుంచుఁడని నా మనవి.