ఆత్మసామర్థ్య ప్రత్యయమును కొలుచుట – తెలుగు ప్రశ్నావళి సమస్య

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనునది మెదడునందును, వెన్నుపామునందును గల నాడీతంతువులను కప్పియుండు మైలిన్ పొర దెబ్బతినుటచే కలుగు వ్యాధి. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో దీని లక్షణములను క్రమముగా వివరించెను. చూపు మందగించుట, నడక తూలుట, తిమ్మిరి, మితిమీరిన అలసట ఇందు కానవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పేర్కొనిన 21 వైకల్యములలో ఇదియు నొకటి. కొంతకాలము ముదిరి, కొంతకాలము తగ్గుచుండుట చాలమందియందు దీని నడక. రేపటి స్థితి నేడు తెలియని రోగికి తన శక్తిపై తనకు గల నమ్మకమెంతయో ఎరుగుట చికిత్సకు అవసరము.

ఈ నమ్మకమునకు 1977లో ఆల్బర్ట్ బండూరా సిద్ధాంతరూపము నొసగెను. దీనిని 'ఆత్మసామర్థ్య ప్రత్యయ' మనవచ్చును. ఇది ఆత్మవిశ్వాసము కాదు, ఆత్మగౌరవమును కాదు. ఒక నిర్దిష్టమైన పనిని నేను చేయగలనా యను ప్రశ్నకు మనసు చెప్పు సమాధానమే ఇది. 1996లో ష్వార్ట్జ్ మొదలగువారు ఈ వ్యాధిగ్రస్తులకై 18 అంశముల మాపకమును కూర్చిరి. అందు తొమ్మిది నిత్యకృత్యములకును, తొమ్మిది వ్యాధిని అదుపులో నుంచుకొనుటకును చెందినవి. ప్రతి అంశమునకు 10 మొదలు 100 వరకు అంకె నీయవలెను.

దీనిని తెలుగు చేయుటలో మొదటి చిక్కు క్రియారూపము. ప్రశ్న శక్తిని అడుగవలెను గాని సంకల్పమును కాదని బండూరా నియమము. 'నడచెదను' సంకల్పము, 'నడువగలను' శక్తి, 'నడువవచ్చును' అనుమతియో, సంభావ్యతయో. కావలసినది రెండవది. కాని వరంగల్లు పల్లెలలో శక్తిని తెలుపుటకు 'నాతోని అయితది', 'నాతోని కాదు' అనుట సహజము. కోస్తావారు 'నావల్ల అవుతుంది' అందురు. 'నాకు ఈత వస్తది' అన్నచో అది నేర్పు మాత్రమే. ఈ భేదము నెరుగని అనువాదము ఒక దానిని అడిగి వేరొకదానిని కొలుచును.

రెండవది వ్యతిరేక వాక్యము. 'ఒంటరిగా బజారుకు పోలేవా?' యన్నచో 'అవును, పోలేను' అనియు, 'లేదు, పోలేను' అనియు జవాబులు వినబడును. ఒక్క మాటతో బదులు చెప్పించినచో అర్థము తారుమారగును.

మూడవది సందర్భము. ఇంటివారు నీళ్లబిందె నెత్తనీయనిచో ఆ స్త్రీ ఎత్తలేదనుట పొరపాటు. చేయకుండుట వేరు, చేయలేకుండుట వేరు. వేడిమి ఈ వ్యాధి లక్షణములను పెంచును. వరంగల్లులో వేసవి ఎండ 40 డిగ్రీలను దాటును. కనుక ఏ ఋతువున, ఏ వేళ అని చెప్పని ప్రశ్న అసంపూర్ణము.

అనువాదమును తిరిగి మూలభాషలోనికి మార్చి సరిచూచు పద్ధతిని 1970లో బ్రిస్లిన్ విశదీకరించెను. అది అవసరమే, కాని చాలదు. పండితులిద్దరి నడుమ సరిపోయిన వాక్యము రోగికి అందకపోవచ్చును. ప్రశ్న విని ఏమి గ్రహించితిరని రోగినే అడుగవలెను. తక్కువ అంకె వచ్చినవారికే తోడ్పాటు ముందు చేరవలసియుండగా, మాట తప్పినచో తోడ్పాటును తప్పిపోవును. 1959లో వెలసిన కాకతీయ వైద్యకళాశాలయు, 1976లో వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయమును ఒకే నగరమున నున్నవి. మాండలిక పరిశోధనకు ఇంతకంటె ప్రయోజనకరమైన క్షేత్రము అరుదు.