గరాజ్‌లో ఫెయిర్‌లేడీ

సీట్లు, కార్పెట్లు పీకేశాక కారు అడుగున నల్లటి తారు పొర ఒకటి బయటపడుతుంది. రోడ్డు చప్పుడు లోపలికి రాకుండా యాభై ఏళ్ళ కిందట ఫ్యాక్టరీలో అతికించిన పట్టీలవి. గీకితే ఊడవు. వేడి చేస్తే జిగురై చేతికంటుకుంటాయి. అందుకే తెలిసినవాళ్ళు డ్రై ఐస్ తెచ్చుకుంటారు. మందపాటి గ్లవ్స్ తొడుక్కుని, గరాజ్ తలుపు బార్లా తెరిచి (అందులోంచి వచ్చే వాయువు కార్బన్ డయాక్సైడ్, మూసిన గదిలో ప్రాణం మీదకొస్తుంది) ఆ ముక్కల్ని నలుపు మీద పరుస్తారు. కాసేపటికి తారు బిగుసుకుని పెళుసెక్కుతుంది. సుత్తితో చిన్నగా తడితే పెచ్చులు పెచ్చులుగా లేచి వస్తుంది. అంతవరకూ పిల్లలు కూడా సరదాపడి చేసే పనే. పెచ్చు లేచిన చోట కింద రేకు కనపడాలి. చాలాసార్లు గరాజ్ గచ్చు కనపడుతుంది!

ఆ కారు డాట్సన్ 240జెడ్. డాట్సన్ అంటే మనకు గుర్తొచ్చేది 2014లో ‘గో’ పేరుతో రోడ్డెక్కిన చిన్న కారు. ఆ బ్రాండే 2022లో ఇక్కడి నుంచి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. అమెరికాలో కాస్త వయసు మళ్ళినవాళ్ళ దగ్గర అదే పేరెత్తండి. పొడుగాటి బానెట్, వెనక్కి వాలిన కప్పు, రెండే సీట్లు ఉన్న కారు గురించి అరగంట ఆపకుండా చెబుతారు.

1969 అక్టోబరులో టోక్యోలో నిస్సాన్ ఈ కారుని బయటపెట్టినప్పుడు దాని పేరు ఫెయిర్‌లేడీ జెడ్. కంపెనీ అధ్యక్షుడికి ‘మై ఫెయిర్ లేడీ’ సంగీత నాటకం నచ్చడంతో అంతకు ముందు నుంచీ వాళ్ళ స్పోర్ట్స్ కార్లకు వాడుతున్న పేరది. అమెరికాలో నిస్సాన్ వ్యాపారం చూస్తున్న యుటాకా కటయామాకి మాత్రం ఆ పేరు మింగుడుపడలేదు. ఓడ దిగిన కార్ల మీది పేరు పలకలు పీకించి, ఇంజను సైజుని బట్టి 240జెడ్ అని పెట్టించారట. అంటే కొనేవాడి చేతికి రాకముందే దీనికి మొదటి మోడిఫికేషన్ జరిగిపోయింది. ‘అంతా ఒరిజినల్‌గానే ఉండాలి’ అని పట్టుబట్టే పెద్దమనుషులకి ఈ సంగతి గుర్తు చేస్తే ముఖం చిట్లిస్తారు.

అప్పట్లో దాని ధర 3,526 డాలర్లు. జాగ్వార్ ఈ-టైప్, పోర్షే 911 అందుకోలేని ఉద్యోగి ఎవరైనా దీన్ని కొనగలిగేవాడు. యోషిహికో మత్సువో బృందం గీసిన ఆకారం ఖరీదైన ఐరోపా కార్లకి తీసిపోదు. చవగ్గా ఎలా కుదిరిందో బానెట్ ఎత్తితే తెలుస్తుంది. డాట్సన్ 510 అనే మామూలు ఫ్యామిలీ కారులో 1,595 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజను ఉండేది. అవే బోరు, అవే స్ట్రోకు కొలతలతో ఇంకో రెండు సిలిండర్లు కలిపితే 2,393 సీసీలు. జెడ్ ఇంజను అదే! 151 హార్స్‌పవర్ ఇస్తుందన్నారు. రేసులకీ అడవి దారులకీ కూడా తట్టుకుంది. తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీని 1971లోనూ, 1973లోనూ ఈ కారే గెలిచింది. రెండోసారి స్టీరింగ్ పట్టినవాడు ఉగాండాలో భారతీయ కుటుంబంలో పుట్టిన శేఖర్ మెహతా. తర్వాత 260జెడ్, 280జెడ్ అంటూ 1978 దాకా సాగిన ఆ తరం కార్లు ఐదు లక్షలు దాటి అమ్ముడుపోయాయి.

అన్ని అమ్ముడుపోతే ఇప్పుడు మంచి బండి దొరకడం ఎందుకింత కష్టం? ఒకటే జవాబు, తుప్పు.

ఇంజను గురించి అడిగినంతగా దీని గురించి ఎవరూ అడగరు కానీ, ఇంట్లో జెడ్ బాగుచేసేవాళ్ళ సెలవులన్నీ ఇక్కడే కరిగిపోతాయి. ముందు అద్దం కింద గాలి కోసం పెట్టిన జాలీ ఉంటుంది. వాన నీళ్ళు అందులోంచి దిగి, ముందు ఫెండర్ల వెనక సందులోంచి కిందికి పోవాలి. ఆ సందులో ఆకులూ మట్టీ చేరితే నీళ్ళు నిలిచిపోతాయి. ఫెండరు అడుగు, తలుపు కింది పట్టీ రెండూ లోపల్నుంచి తినేసుకుపోతాయి. పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇంకోవైపు బ్యాటరీ ట్రే. కారిన యాసిడ్ ట్రేని తిని, దాని కింద ఛాసిస్ పట్టీ మీద పడి, అక్కణ్నుంచి అడుగు రేకులోకి దిగుతుంది. అమెరికా చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు మిగతా పని పూర్తి చేస్తుంది.

మధ్యలో ఎవరో ఒకాయన చేతిలో పడి, పుట్టీ పూసి రంగేసిన బండ్లు మరీ ప్రమాదం. అయస్కాంతం పట్టుకు వెళ్ళండి, అది అతుక్కోని చోటల్లా పుట్టీయే.

కొత్త అడుగు రేకులు, ఛాసిస్ పట్టీలు తయారుచేసి అమ్మేవాళ్ళు అమెరికాలో ఉన్నారు. డబ్బులు పెడితే పెట్టె ఇంటికొస్తుంది. అసలు చిక్కు దాన్ని అతికించడంలో ఉంది. కుళ్ళిన రేకు కోసేస్తే బాడీ బలం పోయి కుంగుతుంది. అందుకని కోయకముందే తలుపు ఖాళీల్లో అడ్డంగా ఇనుప రాడ్లు వెల్డింగ్ చేసి, తలుపు సందులు కొలిచి రాసుకోవాలి. ఇది మర్చిపోతే అంతా అయ్యాక తలుపు మూసుకోదు. వెల్డింగ్‌కీ ఓర్పు కావాలి. గీతలాగా వరసగా కొట్టుకుంటూ పోతే పల్చటి రేకు వేడికి మెలితిరిగిపోతుంది. ఇక్కడో చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, చల్లారాక వాటి మధ్యలో మరొకటి. ఒక్క పట్టీ అతకడానికి శని, ఆదివారాలు రెండూ సరిపోవు.

వెనక సస్పెన్షన్‌లో స్పిండిల్ పిన్ను అని ఒకటుంది. చక్రం మోసే దిమ్మనీ కింది ఆర్మునీ కలుపుతూ అడ్డంగా దూరే పొడుగాటి పిన్ను. మధ్యలో చిన్న తాళం బోల్టు. బుష్‌లు మార్చాలంటే ఇది బయటికి రావాలి. యాభై ఏళ్ళ తుప్పుతో అది దిమ్మలో దిమ్మగా కలిసిపోయి ఉంటుంది. జెడ్ కార్లవాళ్ళు కలుసుకుంటే ఒకరి పిన్ను కథ ఒకరు వినాల్సిందే. నేను చూసిన ఒక కథ డాలస్ శివారులోది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు, కొడుకు దగ్గర ఆరు నెలలుండటానికి వచ్చిన తండ్రి. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. కొడుకు పెద్ద సుత్తి ఎత్తి బాదుతుంటే కుర్చీలోంచే అన్నారు:

“కొట్టకురా. కొట్టేకొద్దీ పిన్ను తల ఉబ్బి ఇంకా బిగుస్తుంది.”

“మరేం చెయ్యమంటావు నాన్నా, నూనె పోసి మూడ్రోజులైంది.”

“నూనె ఒక్కటే పోస్తే ఎలా? దిమ్మని వేడి చెయ్యి, చల్లారుతుండగా పొయ్యి. అప్పుడు తాగుతుంది.”

అలా రెండు పూటలు వేడి, నూనె, వేడి, నూనె. ఎడమ పక్కది ప్రెస్సు కింద పెట్టాక ఫట్టుమని కదిలింది. కుడి పక్కది కదల్లేదు. దాన్ని రంపంతో కోసి, ముక్కలుగా నెట్టాల్సి వచ్చింది. ‘ఇదే డిపోలో అయితే ఆర్మే కొత్తది వేసేవాళ్ళం’ అని పెద్దాయన గొణుక్కున్నారు కానీ, ఆ పూట కాఫీకి లేవమన్నా లేవలేదు.

దీని ముందు ఇంజను పని హాయి. ఇనుప బ్లాకు, పైన ఒక క్యామ్‌షాఫ్టు, చేతులు దూరేంత జాగా. టాపెట్ సెట్టింగ్‌కి ఫీలర్ గేజు, రెండు స్పానర్లు చాలు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కి 0.20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.25. అంతే. కార్బురేటర్లు రెండు. ఎస్‌యూ నమూనా మీద హిటాచీ చేసినవి. అంబాసిడర్ కారు కాలంనాటి మెకానిక్కులకి ఎస్‌యూ పేరు పరిచయమే. రెండూ సమానంగా గాలి పీల్చాలి. దానికి గేజులు దొరుకుతాయి కానీ, పాతకాపులు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒక్కో కార్బురేటర్ నోటి దగ్గర పెడతారు. బుస్సుమనే శబ్దం రెండింట్లో ఒకే స్థాయికి వచ్చేదాకా స్క్రూ తిప్పుతారు. తర్వాత లోపలి పిస్టన్‌ని సన్నగా పైకి లేపి చూస్తారు. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువవుతోంది. ఆగిపోబోతే తక్కువవుతోంది. కాస్త పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిపోయినట్టు. 1973 మోడల్‌కి కాలుష్య నిబంధనల కోసం వేరే రకం కార్బురేటర్లు పెట్టారు. వాటిని తీసేసి పాత రకం బిగించుకోనివాళ్ళు తక్కువ.

ఇక మార్పుల దగ్గరికొస్తే ఇళ్ళల్లోనూ, స్నేహితుల మధ్యా గొడవలు మొదలవుతాయి. ఒక వర్గానికి రంగు కోడు కూడా ఫ్యాక్టరీదే కావాలి. బోల్టుల మీది పసుపు పూత వరకూ పాతలాగే వేయించుకుంటారు. రెండో వర్గం నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లోని ఆర్‌బీ26 టర్బో ఇంజనో, అమెరికన్ వీ8నో దింపుతుంది. మధ్యలో ఉన్నవాళ్ళే నాకు నచ్చుతారు. 280జెడ్‌లోని 2,753 సీసీల ఇంజను తెచ్చి పెడతారు. దాదాపు అవే మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఇంకా ఆశ ఉంటే మాక్సిమా డీజిల్ కారు క్రాంక్‌షాఫ్టు వెతికి తెచ్చి, బోరు పెంచి, అదే బ్లాకుని 3.1 లీటర్లు చేస్తారు. 240జెడ్ అమెరికాకి నాలుగు గేర్లతో వచ్చింది కాబట్టి 280జెడ్‌ఎక్స్ అయిదు గేర్ల బాక్సు వేస్తే హైవే మీద ప్రాణం కుదుటపడుతుంది. బ్రేకులకి టొయోటా ఫోర్‌వీల్ పికప్ ట్రక్కు క్యాలిపర్లు. హెడ్‌లైట్ల కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్చులోంచి పోయి అది కాలిపోకుండా రెండు రిలేలు. ఈ ఆఖరిది డబ్బులు పెద్దగా ఖర్చు కాని పని, ఎవరికీ కనపడదు, అందరూ ముందు చెయ్యాల్సింది ఇదే.

వీటన్నిట్లో ఒక సుగుణముంది. విప్పేసి పాతవి మళ్ళీ బిగించుకోవచ్చు. తీసిన పార్టుల్ని చీటీ రాసి అటక మీద పెట్టుకుంటే కారు మళ్ళీ 1971 మోడలవుతుంది. వెడల్పు టైర్ల కోసం వెనక చక్రం పైని రేకు కోసేసినా, ఎత్తు తగ్గించడానికి స్ట్రట్ గొట్టాన్ని ముక్క కోసి అతికినా వెనక్కి రావడం కష్టం. ఫోటోల్లో అందంగా ఉంటాయి, ఒప్పుకుంటాను. తుప్పు పట్టని రేకు కోసం అంత తపించి, దొరికిన మంచి రేకుని గ్రైండరుతో కోసుకోవడం మాత్రం నాకు మనస్కరించదు.

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ళకి పొగ పరీక్ష లేదు. ఇంజను మార్చుకునే స్వేచ్ఛ అలా వచ్చింది. 280జెడ్‌లలో మొదటి ఏడాదిది తప్పించుకుంది, తర్వాతవి దొరికిపోయాయి. మన దగ్గర సంగతి వేరు. కంపెనీ ఇచ్చిన మూల లక్షణాలు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండికే వింటేజ్ గుర్తింపు. రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, నంబరు ప్లేటులో ‘వీఏ’ అక్షరాలు. రోజువారీ తిరగడానికి వీల్లేదు. ఆర్‌బీ26 కలలు అక్కడి గరాజుల్లోనే ఉంచుకోవాలి.

ఇంత పనీ చేయించి అమ్మితే లాభమేనా అని అడిగేవాళ్ళుంటారు. నిస్సానే ఆ ప్రయత్నం చేసింది. 1990ల చివర్లో పాత 240జెడ్‌లను సేకరించి, పూర్తిగా బాగుచేయించి, డీలర్ల ద్వారా దాదాపు 25,000 డాలర్లకి అమ్మింది. నలభై కార్లయినా పూర్తవకుండానే ఆపేసింది. మెకానిక్ గంటలకి కూలి కట్టే ఏ లెక్కలోనూ ఈ పని నిలబడదు. 2020లో ఒక 1971 కారు వేలంలో 3,10,000 డాలర్లు పలికిన మాట నిజమే. అది ముందునుంచీ చెక్కుచెదరకుండా ఉన్న బండి. తుప్పు కోసి అతికినదానికి ఆ ధర రాదు. తన గంటలకి తనే కూలి అడగని మనిషి ఇంట్లోనే ఇది సాగుతుంది. వాళ్ళు కూడా ఒక దశ దాటాక బిల్లులు దాచుకోవడం మానేస్తారు, ముఖ్యంగా ఇల్లాలి కంటపడేచోట.

ఇది చదివి అమెరికాలో ఉన్న మన పిల్లలెవరైనా ముచ్చటపడి బండి చూడ్డానికి వెళ్తే చిన్న మాట. ఎండ రాష్ట్రాల బండి వెతకండి. ఎండకి డాష్‌బోర్డు పగిలి ఉంటుంది, పరవాలేదు, అది మార్చుకోవచ్చు. 240 దొరక్కపోతే 280 తీసుకోండి, బంపర్లు లావైనా లోపలి ఎముకలు దాదాపు అవే. అమ్మేవాడు ముందు ఇంజను స్టార్ట్ చేసి వినిపిస్తానంటాడు. తర్వాత విందాం, ముందు కార్పెట్ ఎత్తమనండి.