రీఇండెక్స్‌తో పోయే జబ్బేనా?

డేటా ఎప్పుడో గానీ మారని టేబుళ్లకు కూడా వారం వారం రీఇండెక్స్ పెట్టేవాళ్లున్నారు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఆ శ్రమ చాలావరకు దండగ.

అపోహ: రీఇండెక్స్ చేస్తేనే ఇండెక్స్‌కు కొత్త డేటా తెలుస్తుంది.

వాస్తవం: రికార్డు చేర్చిన ట్రాన్సాక్షన్‌లోనే ఇండెక్స్‌లోనూ ఎంట్రీ పడిపోతుంది. పాతబడేవి గణాంకాలు. ఏ విలువ ఎన్ని రికార్డుల్లో ఉంటుందో ప్లానర్ వాటిని చూసే అంచనా కడుతుంది. మామూలు సెట్టింగుల్లో, టేబుల్‌లో 10 శాతం, ఆపైన మరో 50 రికార్డులు మారితే తప్ప ఆటోవాక్యూమ్ వాటిని తిరిగి లెక్కించదు. 10 లక్షల రికార్డులుంటే లక్ష దాటాలన్నమాట. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అప్పుడు అంతటి టేబుల్‌లో 60 వేల చిరునామాలకు ఒక కొత్త జిల్లా కోడ్ వేశారనుకోండి. ఆటోవాక్యూమ్ కదలదు. ఆ కోడ్‌తో ఒకటో రెండో రికార్డులుంటాయనుకుని ప్లానర్ తప్పుదారి పడుతుంది. తిట్లు మాత్రం ఇండెక్స్‌కు! రీఇండెక్స్ ఈ లెక్కల జోలికే పోదు. మార్పులు పూర్తికాగానే అనలైజ్ నడిపితే సరి. పెద్ద టేబుళ్లలోనూ అది మామూలుగా 30 వేల రికార్డుల నమూనాతో సరిపెట్టుకుంటుంది.

అపోహ: క్వెరీ ఇండెక్స్‌ను వాడట్లేదంటే అది చెడిపోయినట్టే.

వాస్తవం: 26 జిల్లాల పేర్లు ఒక్క 8 కేబీ పేజీలో ఇమిడిపోతాయి. ఇండెక్స్ తిరగేయడం కన్నా ఆ పేజీ చదివేయడమే చవక.

అపోహ: డేటా అసలే మారకపోతే ఇండెక్స్‌కు ఏమీ కాదు.

వాస్తవం: నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. లైనక్స్ సర్వర్లలో అక్షరక్రమాన్ని సాధారణంగా జీలిబ్‌సీ లైబ్రరీయే నిర్ణయిస్తుంది. 2018లో వచ్చిన దాని 2.28 వెర్షన్ ఆ క్రమాన్ని చాలా భాషల్లో మార్చేసింది. ఓఎస్ అప్‌గ్రేడ్ అయ్యాక, పాత వరుసలో పేర్చిన ఇండెక్స్‌లో డేటాబేస్ కొత్త వరుస ప్రకారం వెతుకుతుంది. టేబుల్‌లో ఉన్న పేరునే లేదంటుంది. యూనిక్ ఇండెక్స్ ఉన్నా డూప్లికేట్లు దూరవచ్చు. ఎర్రర్ కూడా కనపడకపోవచ్చు. రీఇండెక్స్ కావలసింది ఇక్కడే, అదీ టెక్స్ట్ కాలమ్‌లున్న ఇండెక్స్‌లకే. ‘సీ’ కొలేషన్‌లో ఉన్నవాటికి, అంకెల కాలమ్‌లకు అక్కర్లేదు. వెర్షన్ 12 నుంచి రీఇండెక్స్ కంకరెంట్లీ ఉంది కాబట్టి రాతలు ఆపకుండానే చేసుకోవచ్చు. అయితే డూప్లికేట్లు ముందే దూరి ఉంటే యూనిక్ ఇండెక్స్ కట్టనివ్వదు. మొదట వాటిని ఏరిపారేయాలి.