అల్లికసూదికి ముందటి పని

పెరూదేశమున, సముద్రమట్టమునకు 3,800 మీటర్లకు పైబడిన ఎత్తున నున్న టిటికాకా సరస్సులో తకీలే అను చిన్న ద్వీప మొకటి కలదు. అచటి పురుషులు పొలమునకు నడచిపోవుచున్నను, పడవరేవున నిలిచి యున్నను, వారి చేతులలో సన్నని అల్లికసూదులు ఆడుచునే యుండును. స్త్రీలు ఉన్ని వడకుదురు, మగ్గముపై నేయుదురు. చుల్యో అను చెవులటోపీని అల్లుట మాత్రము మగవారి విద్య, బాలురకు చిన్ననాటనే పట్టుబడవలసిన విద్య. ఈ ద్వీపవాసుల వస్త్రకళను మానవజాతి అమూర్త వారసత్వమున మేటివానిలో నొకటిగా 2005లో యునెస్కో ప్రకటించినది. చూడవచ్చినవారు సూదుల వేగమునకు విస్తుపోవుదురు. నాకు మాత్రము దారము ఆ సూదిని చేరకమున్ను గడచివచ్చిన దారియే మిక్కిలి అద్భుతముగ తోచును.

ఆండీస్ పర్వతసీమలో వేలయేండ్లుగా మనుష్యుని చెంత పెరిగిన జంతువు అల్పాకా. గొఱ్ఱె యన్ననో, 16వ శతాబ్దిలో స్పానియార్డుల వెంట వచ్చినది. రెంటి ఉన్నికిని స్వభావములు వేఱు. గొఱ్ఱె ఉన్నిపోగు సహజముగనే వంకరలు తిరిగి, సాగదీసి విడిచినచో మరల ముడుచుకొనును. దాని ఒంటినిండ జిడ్డు. అల్పాకా పోగు నున్నన, మెత్తన, జిడ్డు మిక్కిలి స్వల్పము. కాని అందు వంకరలు తక్కువ యగుటచే, కేవలము దానితోనే అల్లిన వస్త్రము ఎంత వెచ్చగా నున్నను నాళ్లు గడచినకొలది సాగి వ్రేలాడును. కావున ఒకదాని మెత్తదనమునకు రెండవదాని పట్టును జోడించి వడకుట తెలివైన పని.

కత్తిరించిన ఉన్ని నంతటిని ఒక్కటిగా వాడ వీలులేదు. వీపుమీదిది, ప్రక్కలది సన్నన. కాళ్లది, పొట్టదిగువది ముతక. వ్రేళ్లతో తడవి తడవి, ముతకవెండ్రుకల నేఱి పాఱవేయవలెను. మన కురుమలు దక్కనీ గొఱ్ఱెల నల్లయున్నితో నేసిన గొంగడిని వట్టిభుజముపై వేసికొని యెఱిగినవారికి, ఆ వెండ్రుక చర్మమునకు ఎట్లు గ్రుచ్చుకొనునో వేఱుగ చెప్పనక్కఱలేదు. గొంగడి వానకు, చలికి కాపరిని కాచుటకు పుట్టినది, ఆ గరుకు దానికి లోపము కాదు. తలకు హత్తుకొనవలసిన టోపీకి మాత్రము అది పనికిరాదు.

పిమ్మట కడుగుట. ఇచట తొందర పనికిరాదు. పోగుపై కంటికి కానరాని పొలుసులుండును. వేడినీట వేసి నులిమితిమా, అవి యొండొంటిని పట్టుకొని ఉన్ని యంతయు గట్టి ముద్దయై, మఱి విడిపోదు. గోరువెచ్చని నీట నానబెట్టి, పిసుకక మెల్లగ ముంచి తీయుటయే మార్గము.

ఆఱిన ఉన్నిని చిక్కుదీసి, పుష్క అను వ్రేలాడు కదురుపై వడకుదురు. ఖద్దరు ఉద్యమమునాడు మన యిండ్ల తిరిగిన తకిలికి అది దాయాది. అడవిదారిని నడచుచును, గొఱ్ఱెల గాచుచును స్త్రీలు దానిని త్రిప్పుచుందురు. ఒంటిపోగు దారమునకు పురి యెక్కువ; దానితోనే అల్లినచో వస్త్రము ఒకప్రక్కకు మెలివడును. అందుచే రెండు పోగులను జతపఱచి, వడకిన దిక్కునకు ఎదురుదిక్కున మరల పేనుదురు. ఒకదాని పంతము నొకటి అణచుకొని దారము నిలుకడ గాంచును. ఈ రెండవ పేనుడే అల్లికకు ప్రాణమని నా నమ్మకము.

రంగుల ముచ్చట క్లుప్తముగనే చెప్పెదను. నాగజెముడుజాతి మొక్కలపై బ్రదుకు కొచినీల్ పురుగుల నెండబెట్టి నూఱి, పటికతో కలిపి కాచినచో ఎఱుపు వచ్చును. అందు పులుపు చేర్చినచో నారింజవన్నెకు తిరుగును.

ఇక అల్లిక. ఆండీస్ అల్లికదారులు దారమును మెడచుట్టు త్రిప్పుకొని, బిగువు చెడకుండ, వస్త్రము లోవైపును తమవైపునకు పెట్టుకొని అల్లుదురు. రంగు మార్చినపుడెల్ల దారములు కన్నుల యెదుటనే యుండుటచే చిక్కుపడవు. పెండ్లియైనవాని టోపీ నిండుగ ఎఱ్ఱన. కానివానిది పైభాగము తెలుపు. నీరుపోసి చూచిన కాఱని టోపీ నల్లినవానికే పిల్ల నిత్తురని చెప్పుకొందురు. ఆ నీటిని నిలుపునది వరుని సూదుల బిగువు కొంత, వాని తల్లియో అక్కయో నడచుచు వడకి యిచ్చిన దారపు పురి కొంత.