కాలువ చివరి పొలం – విమానపు రెక్క

యరగేర పరిసర గ్రామాల తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "ఎస్సెస్సెల్సీ అయిన తరువాత పీయూసీలో మా పిల్లకు లెక్కలు ఎందుకు సార్? ఆ పెద్ద లెక్కలతో మన ఊరికి పనేమి?" ఈ ప్రశ్నకు సమాధానం మన కాలువ గట్టునే దొరుకుతుంది.

తుంగభద్ర ఎడమ ప్రధాన కాలువ పొడవు 227 కిలోమీటర్లు. దాని చివరి ఆయకట్టు మన రాయచూరు జిల్లాలోనే ఉన్నది. చివరి పొలానికి నీరు చాలడం లేదనుకుందాం. పైన 100 తూములు ఉన్నవనుకుందాం. ఏ తూమును కొద్దిగా దించితే చివర ఎంత నీరు పెరుగుతుంది? ఒక్కొక్క తూమును దించి, నీరు చివరికి చేరేవరకు ఆగి, కొలిచి, మరల ఎత్తి చూడడం ఒక పద్ధతి. అందుకు 100 పరీక్షలు కావాలి.

రెండవది అనుభవం గల నీరుగంటి పద్ధతి. ఆయన చివరి పొలం నుండి గట్టు వెంట ఎగువకు నడుస్తాడు. "ఈ చోట ఒక బిందె నీరు కాలువలో మిగిలితే, ఇంకిపోయినది పోగా చివరికి ఎంత చేరుతుంది?" అని అడుగడుగునా లెక్క కట్టుకుంటాడు. ఒక్క నడకలో అన్ని తూముల సంగతి తేలిపోతుంది.

ఇక విమానం సంగతి. 2021 మార్చిలో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత, మన పిల్లలకు విమానం దూరపు వస్తువు కాదు. విమానపు రెక్క చుట్టూ గాలి కదిలే తీరును అవకలన సమీకరణాలు తెలుపుతాయి. నావియర్ 1822లోను, స్టోక్స్ 1845లోను వీటికి రూపమిచ్చారు. రెక్క ఆకారాన్ని 100 సంఖ్యలతో వర్ణించామనుకుందాం. ఒక సంఖ్యను రవ్వంత మార్చితే గాలి నిరోధం ఎంత మారుతుందో ఆ మార్పు రేటునే సున్నితత్వం అంటారు. నిరోధం తగ్గితే ఇంధనం ఆదా అవుతుంది.

ఒక్కొక్క సంఖ్యను మార్చి చూస్తే, మొదటి ఆకారంతో కలిపి 101 గణనలు చేయాలి. గణనకు ఒక గంట చొప్పున 101 గంటలు. ఆకారాన్ని 20 మార్లు సవరించితే 2020 గంటలు, అనగా 84 రోజులు. నీరుగంటి వలె ఫలితం నుండి వెనుకకు నడిచే సమీకరణాన్ని అడ్జాయింట్, అనగా అనుబంధ సమీకరణం అంటారు. దీనితో ప్రతి సవరణకు సుమారు రెండు గణనలు చాలును. 84 రోజుల పని 40 గంటలలో ముగుస్తుంది. ఫ్రాన్సు గణితవేత్త పిరోనో 1974లో ద్రవ ప్రవాహాలలో ఆకార రూపకల్పనకు ఈ మార్గం చూపగా, ఆంటొనీ జేమ్సన్ 1988లో దీనిని విమాన రెక్కల రూపకల్పనకు అన్వయించారు. హైదరాబాదులోని బిట్స్ పిలానీ ప్రాంగణంలో కూడా వాయుప్రవాహ గణనలకు ఈ పద్ధతిని జోడించే పరిశోధన జరిగింది.

అయితే ఈ పద్ధతికి హద్దులు కలవు. సున్నితత్వం చిన్న మార్పులకే సరియైన దిక్కు చూపుతుంది. అందుచేత కొద్దిగా మార్చి, మరల లెక్కించి, మెల్లగా ముందుకు సాగాలి. నిరోధం తగ్గించే తొందరలో పైకెత్తే బలం తగ్గరాదు, రెక్క బలహీనపడరాదు. దగ్గరలోని మంచి ఆకారం వద్దనే లెక్క ఆగిపోయి, అంతకంటె మేలైనది కనబడకపోవచ్చును. కంప్యూటరు చూపిన ఆకారాన్ని గాలి సొరంగంలో పరీక్షించక తప్పదు. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో అట్టి సొరంగం 1967 నుండి ఉన్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కాలువలో నీటి నడకకు కూడా అవకలన సమీకరణాలు ఉన్నవి. సెయింట్ వెనాంట్ వాటిని 1871లో ఇచ్చారు. రెక్కకు పనికివచ్చిన ఎదురు నడక లెక్క వాటికి కూడా పనికివస్తుంది. ఏ తూము ఎంత ఎత్తితే పైవారికి లోటు లేకుండా చివరి పొలం తడుస్తుందో లెక్కించి చెప్పగలవారు మనకు కావాలి. చివరి పొలం కష్టం ఎరిగిన ఇంటి పిల్ల కంటె ఆ లెక్కకు తగినవారెవరు? కనుక తల్లిదండ్రులారా, పీయూసీ దరఖాస్తు నింపేటప్పుడు, పిల్లకు ఇష్టం ఉన్నచో, లెక్కల గడిని కొట్టివేయకండి.