నాటకం ఖర్చుకు పద్దు ఉంది.. నడకకు ఏదీ?

జాతర నాటకాల నిర్వాహకులు రాసిపెట్టవలసినవి ఎన్నో

ఏలూరు: సంక్రాంతికి పంట ఇల్లు చేరింది మొదలు శ్రీరామనవమి పందిళ్లు విప్పే వరకు కొల్లేటి పరిసర పల్లెలకు నాటకాల కాలం. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణ మాసంలో జరుగుతుంది. ఆ రోజుల్లో ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడో ఒకచోట హార్మోనియం వినిపిస్తూనే ఉంటుంది. ఏ నటునికి ఎంత ఇచ్చారో, మైకు సెట్టుకు ఎంతయిందో చెప్పే పద్దు ఉత్సవ కమిటీల వద్ద భద్రంగా ఉంటుంది. ఆ రాత్రి నాటకం ఎలా నడిచిందో, ఎక్కడ ఆగిందో చెప్పే పద్దు మాత్రం ఈ విలేకరి తిరిగిన ఊళ్లలో కానరాలేదు.

కొన్నేళ్ల కిందట ఒక లంక గ్రామంలో జరిగిన ఉదంతం ఇది. ముప్పై ఏళ్లుగా వేదిక పనులు చూసిన పెద్దాయన ఆ ఏడు జాతరకు ముందే కాలం చేశారు. బాధ్యత కుర్రవాళ్ల మీద పడింది. వచ్చే జనానికి ఎదురుగా ఉంటుందని వారు వేదిక ముఖాన్ని రోడ్డు వైపు తిప్పి కట్టారు. రాత్రి పదిన్నరకు పైరగాలి ఎత్తుకుంది. దర్బారు తెర ఉబ్బి వచ్చి సింహాసనంపై ఉన్న నటుని కిరీటాన్ని తోసివేసింది. జనం నవ్వారు. మరో తెర నిలువునా చిరిగింది. ఆ గాలిలో కాటి సీనుకు నిప్పు వెలిగించడానికి భయపడిన కమిటీ వారు రెండు గంటలకే ‘సత్య హరిశ్చంద్ర’ను ఆపించారు. కాటి సీను పద్యాల కోసమే చాపలు తెచ్చుకుని కూర్చున్న ముసలివారు మారు మాటాడక లేచి వెళ్లిపోయారు. ఆ పెద్దాయన ఏటా వేదిక వీపును చెరువు గట్టుకు ఆనించి కట్టించేవారని మర్నాడు ఆయన భార్య చెబితే గాని ఎవరికీ తెలియలేదు.

సురభి వారి సంగతి వేరు

ఇలాంటి చిక్కు సురభి నాటక సమాజాలకు అంతగా రాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ పరంపరలో కుటుంబమంతా రంగస్థలం మీదే బతుకుతుంది. ఏ తీగ లాగితే ఏ పాత్ర గాలిలోకి లేస్తుందో పిల్లలు తెరల మధ్య పెరుగుతూనే నేర్చుకుంటారు. 2013లో పద్మశ్రీ అందుకున్న సురభి నాగేశ్వరరావు (బాబ్జీ) 2022లో కన్నుమూసినా, ఆయన వద్ద పని నేర్చినవారు ఆ ఇంటనే ఉన్నారు. మన జాతర కమిటీలు అలా కావు. ఏడాదికో, రెండేళ్లకో కొత్తవారు వస్తారు. నటులు ఒక ఊరివారు, డ్రస్ కంపెనీ మరో ఊరిది, మైకు వారు ఇంకో ఊరివారు. తెల్లవారితే ఎవరి బస్సు వారిది. కాబట్టి కాగితం అవసరం మనకే ఎక్కువ.

పాశ్చాత్యులు ఈ పనిని చాలాకాలంగా చేస్తున్నారు. లండన్‌లో రోజ్ నాటకశాలను నడిపిన ఫిలిప్ హెన్‌స్లో వద్ద 1598లో రాసిన సామాను జాబితాలో ఒక బండరాయి, ఒక పంజరం, ఒక సమాధి, ఒక నరకద్వారం ఉన్నాయి. షేక్‌స్పియర్ కాలపు వేదికపై ఏమేమి ఉండేవో తెలుసుకోవడానికి పండితులు నేటికీ ఆ జాబితానే తిరగేస్తారు. ఆయన రాసుకున్నది పండితుల కోసం కాదు, పెట్టెలో ఏముందో లెక్క తప్పకూడదని.

మంచం తల ఎటు?

ఏమి రాయాలన్నదే అసలు ప్రశ్న. ‘నాటకం జయప్రదంగా ముగిసింది’ అని రాస్తే తర్వాతివారికి ఒరిగేదేమీ లేదు. ‘శ్రీకృష్ణ రాయబారం’లో పడక సీనునే తీసుకోండి. దుర్యోధనుడు తల వైపు, అర్జునుడు కాళ్ల వైపు కూర్చోవాలి. కృష్ణుడు లేవగానే ముందుగా అర్జునుడే కంటపడాలి. కథంతా అక్కడే మలుపు తిరుగుతుంది. మంచం తల ఏ పక్కకు వేశారన్న దానిని బట్టి ఎవరు ఏ వింగు నుంచి రావాలో, మైకు ఎక్కడ ఉండాలో, దుర్యోధనుని కుర్చీ ఎక్కడ వేయాలో నిర్ణయమవుతుంది. ఒక బొమ్మ గీసి ‘మంచం తల ఎడమకు, దుర్యోధనుడు ఎడమ వింగు’ అని రాసి ఉంచితే వచ్చే ఏడు నిర్వాహకునికి అరగంట కలిసివస్తుంది. ఎడమ అంటే నటుని ఎడమా, ప్రేక్షకుని ఎడమా అన్నది మొదటి పేజీలోనే స్పష్టం చేయాలి. లేకుంటే ఆ బొమ్మే గందరగోళానికి కారణమవుతుంది.

కాంట్రాక్టు నాటకాల్లో ఒకే పాత్రకు ఇద్దరు, ముగ్గురు నటులు ఉండటం మామూలే. మొదటి కృష్ణుడు ఎక్కడ దిగుతాడు, రెండో కృష్ణుడు ఎక్కడ ఎక్కుతాడు, ఇద్దరికీ ఒకే కిరీటమా, ఎవరి శ్రుతి ఎంత అన్నవి తప్పక రాయాలి. వన్స్‌మోర్‌లతో సీను ఎంత సాగిందో గడియారం చూసి వేయాలి. కరపత్రంలో వేసిన వేళ ఎలాగూ ఎవరూ పాటించరు.

మన నీటి ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతులు కొన్ని ఉన్నాయి. మంచు పడితే తబలా చర్మం వదులై శ్రుతి దిగుతుంది. రంగులు వేసిన తెరలను చెమ్మతోనే చుట్టిపెడితే ఒకదానికొకటి అంటుకుంటాయి. ఏ వేళకు మంచు దిగింది, తెరలు ఆరిన తర్వాతే మడిచారా, కరెంటు ఏ స్తంభం నుంచి తీశారు, జనరేటరు ఎంత దూరంలో ఉంటే దాని మోత పద్యానికి అడ్డురాలేదు.. ఇవన్నీ రాయదగినవే. ఏలూరు వై.ఎం.హెచ్.ఎ. హాలు వంటి శాశ్వత వేదిక మీద గాలి, మంచుల బెడద లేదు. చెరువు గట్టు పక్కన రాత్రికి రాత్రి లేచే వేదికకు అవే ముఖ్యం.

ఏదైనా మార్చినప్పుడు మార్పుతో పాటు కారణం కూడా రాయాలి. ‘వేదిక గట్టు పక్కన’ అని మాత్రమే రాస్తే కొత్తగా వచ్చిన కుర్రవాడు అది చాదస్తమనుకుంటాడు. ‘గాలికి తెరలు నిలవవు కాబట్టి’ అన్న ముక్క చేరిస్తే మార్చే ముందు ఆలోచిస్తాడు. అలాగే తప్పులు రాయడానికి సిగ్గుపడరాదు. ఫలానావారి వల్ల అని పేరు పెట్టనవసరం లేదు, జరిగింది రాస్తే చాలు.

ఫోన్లలో ఫొటోలు ఉన్నాయి కదా అనేవారు ఉన్నారు. ఫోను మారితే అవీ పోతాయి. రెండు వందల పేజీల గట్టి అట్ట పుస్తకం, బాల్‌పెన్ను చాలు. అయితే ఒక ప్రతి ఊళ్లో ఉంటే, జిరాక్సు ప్రతి ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో స్థిరపడిన ఊరివారి ఇంట ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాల్లోకి నీళ్లు వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే.

రాయవలసిన సమయం కూడా ఒకటుంది. మంగళం పాడిన తర్వాత, హార్మోనిస్టు పెట్టె మూయక ముందు. టీ ఇప్పించి పక్కన కూర్చుంటే ఎవరి శ్రుతి ఎంతో ఆయనే చెబుతారు. తెల్లవారాక అడుగుదామంటే ఆయన అప్పటికి మరో ఊరి బస్సులో ఉంటారు.